పైపు పొగాకు పూల వాసన వేస్తే హాని తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 61. కావలిలో ఉంటాను, హైస్కూల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. పాతికేళ్లు సిగరెట్లు కాల్చి, నాలుగేళ్ల కిందట అవి మానేసి పైపుకి మారాను. ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వచ్చినప్పుడల్లా అక్కడి పాతకాలం పొగాకు డబ్బాలు తెస్తాడు. గులాబీ, జెరేనియం వాసన వేస్తుంది, కాస్త ఖరీదైన సబ్బులా కూడా ఉంటుంది. రోజుకి మూడుసార్లు కాలుస్తాను, పొగ లోపలికి మింగను. సిగరెట్ అంటే ముక్కు మూసుకునే మా ఆవిడ దీన్ని మాత్రం సాంబ్రాణి వేసినట్టుందంటుంది. ఈమధ్య అంగిట్లో తెల్లగా అయి మధ్యమధ్యలో ఎర్ర చుక్కలు కనిపిస్తున్నాయి, కింది పెదవి మీద పైపు ఆనేచోట గరుకుగా ఉంది, నొప్పేమీ లేదు. ఆయాసానికి థియోఫిలిన్ మాత్ర వాడుతున్నాను. మా నాన్న చుట్ట కాల్చి 88 ఏళ్లు బతికాడు. సిగరెట్ కన్నా ఇది మేలే కదా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ పెదవిని చూపించుకోండి. ఈ వారంలోనే. నెల్లూరులోనో ఒంగోలులోనో నోటి జబ్బులు చూసే డెంటల్ డాక్టర్ దగ్గరికైనా, ఈఎన్‌టీ దగ్గరికైనా వెళ్లండి. నొప్పి లేదని రాశారు, ఆ మాటకే నాకు టెన్షన్. నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా అని ఆగి, ఆగి, అన్నం మింగుడు పడనప్పుడు వచ్చినవాళ్లను నేను ఎందరినో చూశాను. మీది అదేనని చెప్పడం లేదు, చూడకుండా ఎవరూ చెప్పలేరు. కానీ రెండు వారాలు దాటినా మానని పుండు గానీ, తగ్గని మచ్చ గానీ, గరుకు గానీ నోట్లో ఎక్కడున్నా డాక్టర్ కళ్లతో చూసి, వేలితో తడిమి, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాల్సిందే. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మనవైపు ఇంకా కొందరు భయపడతారు, అది నిజం కాదు.

పైపు ఆనే పెదవికి క్యాన్సర్ వస్తుందన్న సంగతి ఈనాటిది కాదు. పైపు కాల్చేవాళ్లకు పెదవి మీద క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని జోమ్మరింగ్ అనే జర్మన్ వైద్యుడు 1795లోనే రాశాడు. అప్పటికి సిగరెట్ ఇంకా జనంలోకి రాలేదు.

ఇక అంగిట్లో తెలుపు. మీరు రాసిన గుర్తులను బట్టి, తెల్లబడిన అంగిలి, అందులో చిన్న చిన్న ఎర్ర చుక్కలు అంటే, అది పైపు కాల్చేవాళ్లలో మేం తరచుగా చూసేదే. అంగిట్లో ఉండే చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు వాచి అలా ఎర్రగా కనిపిస్తాయి. పొగ వేడి దీనికి పెద్ద కారణం. మామూలుగా ఇది పైపు మానేసిన కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, ఇది క్యాన్సర్‌గా మారడం అరుదు. ఈ ఒక్క విషయంలో మీకు కాస్త ధైర్యం చెప్పగలను. అయితే అంగిలి అంత మారిందంటే నోట్లో మిగతా భాగమంతా అదే పొగలో నానుతోందని అర్థం. అద్దం ముందు నిలబడి, టార్చి వేసుకుని నాలుక పక్కలు, నాలుక కింద, బుగ్గల లోపల చూసుకోండి. అక్కడ తెల్లమచ్చ ఉంటే ఆలోచించాలి, ఎర్రమచ్చ ఉంటే ఇంకా ఎక్కువ ఆలోచించాలి.

మీరు అసలు అడిగింది వాసన గురించి కదా. నేను కొండపి దగ్గర పొగాకు రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి. బ్యారన్‌లో, అంటే మంట వేడితో పొగాకుని ఆరబెట్టే గదిలో, ఆకు పండుతున్నప్పుడు వచ్చే ఆ తియ్యటి వాసన నాకు ఇప్పటికీ ఇష్టమే, రాత్రిళ్లు మా నాన్న మంట చూసుకుంటూ బ్యారన్ దగ్గరే పడుకునేవాడు, నేను కూడా ఆ పక్కనే చాప వేసుకునేవాణ్ణి. కాబట్టి పొగాకు వాసన బాగుందంటే నేను తప్పు పట్టను. కానీ ఆ వాసన ఎక్కడినుంచి వస్తుందో, కాలిన తర్వాత ఏమవుతుందో మీరు తెలుసుకోవాలి.

మీ అబ్బాయి తెచ్చేది ఇంగ్లండ్ వాయవ్య మూల సరస్సుల ప్రాంతంలో, కెండల్ అనే ఊళ్లో తయారయ్యే రకంలా ఉంది. ఆ ఊళ్లో 18వ శతాబ్దం చివరి నుంచీ నశ్యం నూరుతున్నారు, పైపు పొగాకు చేస్తున్నారు. మనవైపు కూడా పెద్దవాళ్లు నశ్యం పీల్చేవారు కాబట్టి మీకు ఆ సంగతి తెలిసే ఉంటుంది. గులాబీ, జెరేనియం నూనెలు, టోంకా అనే దక్షిణ అమెరికా చెట్టు గింజ, ఇలాంటి వాటితో ఆకుకి వాసన పట్టిస్తారు. ఈ రకాన్ని ఒక్కసారి కాలిస్తే పైపు గిన్నెకి ఆ వాసన పట్టేస్తుందని, తర్వాత వేరే పొగాకు వేసినా అదే వస్తుందని పైపువాళ్లు దీనికి విడిగా ఒక పైపు పెట్టుకుంటారు. మీరూ పెట్టుకునే ఉంటారు. చెక్క గిన్నెనే వదలని ఆ పొగ, మీ నోటి లోపలి మెత్తటి పొరను రోజుకి మూడుసార్లు తాకుతోంది, ఆ పొరను మాత్రం మీరు విడిగా పెట్టుకోలేరు.

టోంకా గింజలో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది. కొత్తగా కోసిన గడ్డి ఎండుతుంటే వచ్చే కమ్మటి వాసన దానిదే. ఎక్కువ మోతాదులో లివర్‌ని దెబ్బతీస్తుందని జంతువుల మీద పరీక్షల్లో తేలి, 1954లో అమెరికాలో దాన్ని ఆహారంలో కలపకుండా నిషేధించారు. అలాగని మీ పైపుకి అసలు శత్రువు టోంకా గింజేనని అనుకోవద్దు, ఆ పొరపాటు చాలామంది చేస్తారు, 'వాసన కలపని పొగాకు తెప్పించుకుంటే సరిపోతుందా' అని అడుగుతారు. సరిపోదు. ఆకు ఏదైనా కాలితే తారు వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. పొగలో 7,000 దాకా రసాయనాలుంటే, వాటిలో దాదాపు 70 క్యాన్సర్ తెచ్చేవి. గులాబీ నూనె సీసాలో ఉన్నంతసేపు గులాబీ నూనే, నిప్పు మీద పడ్డాక అది కూడా మండే పదార్థమే. తినడానికి పనికొచ్చే వస్తువు కాల్చి పీల్చడానికి కూడా పనికొస్తుందని ఎక్కడా లేదు. పచ్చిమిరపకాయ కూరలో వేసుకుంటాం, అదే నిప్పుల్లో పడితే ఇల్లంతా దగ్గుతుంది కదా.

వాసన చేసే అసలు చెడు నా లెక్కలో వేరే ఉంది. సిగరెట్ పొగ ఘాటుగా ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు గొడవ చేస్తారు, బయటికి పంపిస్తారు. ఈ పూల వాసన పొగని అదే ఇంట్లోవాళ్లు ముందు గదిలో, మంచం పక్కన రానిస్తున్నారు. మీ ఆవిడ సాంబ్రాణి అన్నారని రాశారు చూడండి, నాకు ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా బాధ కలిగించిన మాట అది. ఆమె రోజూ పీల్చేది పొగాకు పొగే, గుండెజబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం పక్కనుండి పీల్చేవాళ్లకూ పెరుగుతాయి. ఇంట్లో మనవలు, మనవరాళ్లు ఉంటే పిల్లికూతలు, చెవిలో చీము, మాటిమాటికీ జలుబు దగ్గులు, వీటికి ఈ పొగ తోడవుతుంది. కిటికీ తీసినా, ఫ్యాన్ వేసినా పూర్తిగా పోదు, కర్టెన్లకీ దుప్పట్లకీ పడుతుంది. మీరు పూర్తిగా మానేదాకా, ఈ రోజు నుంచే, ఇంట్లో కాల్చడం ఆపండి. దీనికి డాక్టర్ చీటీ అక్కర్లేదు.

పొగ మింగను అన్నారు. మీ మాట అబద్ధం అనను గానీ, పాతికేళ్లు సిగరెట్ కాల్చిన ఛాతీకి లోపలికి లాగడం అలవాటైపోయి ఉంటుంది, పైపుకి మారిన సిగరెట్‌వాళ్లు తమకు తెలియకుండానే కొంత లాగుతారు, మొదటినుంచీ పైపే కాల్చినవాళ్ల కంటే వీళ్లకు ప్రమాదం ఎక్కువ. అసలు లాగకపోయినా ఒక సంగతి ఉంది. సిగరెట్ పొగకి ఆమ్ల గుణం, అందుకని నికోటిన్ ఒంట్లోకి వెళ్లాలంటే ఊపిరితిత్తుల దాకా పోవాలి. చుట్ట, పైపు పొగకి క్షార గుణం ఎక్కువ, అది బుగ్గ లోపలి నుంచే రక్తంలోకి వెళ్లిపోతుంది. అందుకే పొగ మింగకపోయినా మీకు పైపు కావాలనిపిస్తోంది. మన పొలాల్లో మంచుకి తడిసిన పచ్చి పొగాకు ఆకు కోసే కూలీలకి కళ్లు తిరిగి, వాంతులయ్యేది మీరు చూసే ఉంటారు, వాళ్లు పొగ తాగకపోయినా చర్మం నుంచే నికోటిన్ వెళ్తుంది. నోటి పొర గుండా అది చర్మం కన్నా సులువుగా వెళ్తుంది.

సిగరెట్ కన్నా మేలా? సూటిగా చెబుతాను. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో, పొగ నిజంగా లాగని పైపువాళ్లకి సిగరెట్‌వాళ్ల కన్నా ప్రమాదం తక్కువే, కానీ అసలు పొగ తాగనివాళ్ల కన్నా చాలా ఎక్కువ. పెదవి, నోరు, గొంతు, అన్నవాహిక విషయంలో ఆ తేడా పెద్దగా నిలవదు. చిగుళ్లు జారిపోవడం, పళ్లు ఊడటం సరేసరి. ఇంకో లెక్క చూడండి: ఒక సిగరెట్‌లో ఉండే పొగాకు గ్రాము కన్నా తక్కువ, ఒక పైపు గిన్నెలో రెండు మూడు గ్రాములు పడుతుంది. రోజుకి మూడుసార్లంటే మీరే కట్టుకోండి.

నాన్నగారి సంగతి. 88 ఏళ్లు బతకడం ఆయన అదృష్టం, మీకు సంతోషం. మా పల్లెలో కూడా అలాంటి తాతలున్నారు. కానీ చుట్ట కాల్చి యాభై ఏళ్లకే పోయినవాళ్లు ఎవరికీ ఉదాహరణగా మిగలరు, వాళ్ల ఫొటో గోడ మీద ఉంటుంది, జబ్బు పేరు కూడా ఇంట్లో గట్టిగా అనరు. నేను చూసేది ఆ రెండోరకం కుటుంబాలనే.

ఎలా మానాలి అంటారా. సిగరెట్ మానగలిగినవాళ్లు మీరు, అది చిన్న పని కాదు. పైపుతో ఇబ్బంది ఏంటంటే నికోటిన్ ఒక్కటే కాదు, డబ్బా మూత తీయడం, ఆకు పొడి చేయడం, గిన్నెలో నింపి అదమడం, రెండుసార్లు వెలిగించడం, సాయంత్రం వరండాలో కుర్చీ, ఇదంతా కలిసి అలవాటు. అందుకని ఒక తేదీ పెట్టుకుని, ముందు రోజే పైపులు, డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. దాచిపెట్టొద్దు, తీసేయండి. అదే వేళకి అదే కుర్చీలో కూర్చోకుండా సముద్రం గాలికి నడవండి, కావలి నుంచి తుమ్మలపెంట తీరం ఎంత దూరం.

నికోటిన్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది, 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు అని రెండు రకాలు. నిద్ర లేచిన అరగంటలోపే పైపు కావాలనిపిస్తే 4 అవసరం కావచ్చు. దాన్ని బబుల్‌గమ్‌లా చకచకా నమిలేస్తే ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చి 'నాకు పడలేదు' అని పారేస్తారు. మెల్లగా నాలుగైదుసార్లు నమిలి, కారంగా అనిపించగానే బుగ్గకి చిగురుకి మధ్య పెట్టుకుని ఆగాలి, కారం తగ్గాక మళ్లీ నమలాలి, అలా అరగంట. దానికి ముందు పావుగంట కాఫీ, టీ తాగకూడదు, తాగితే గమ్ సరిగా పనిచేయదు. ప్యాచ్‌లూ ఉన్నాయి, వరేనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలూ ఉన్నాయి, అవి మాత్రం డాక్టర్ చూసే ఇవ్వాలి. పళ్లు బాగా కదులుతుంటే గమ్ కన్నా ప్యాచ్ నయం. 1800-11-2356కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు, కేంద్ర ప్రభుత్వం నడిపే సేవ, మానేదాకా వాళ్లే మళ్లీ మళ్లీ పలకరిస్తారు. మొదటి రెండు మూడు రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం ఎక్కువగా ఉంటుంది, తర్వాత వారం వారానికీ తగ్గుతుంది. ఏడాదికి గుండెజబ్బు ప్రమాదం దాదాపు సగానికి పడిపోతుంది. నోరు, గొంతు క్యాన్సర్ ప్రమాదం సగమవడానికి 5 నుంచి 10 ఏళ్లు పడుతుంది, 61 ఏళ్లకి మొదలుపెట్టినా ఆ లాభం మీకు అందుతుంది.

చివరిగా మీ థియోఫిలిన్ మాత్ర. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పొగాకు పొగలోని పదార్థాలు లివర్‌ని రెచ్చగొట్టి ఈ మందుని త్వరగా ఖర్చు చేయిస్తాయి. పొగ ఆగితే అదే మోతాదు రక్తంలో పెరిగిపోయి వికారం, చేతులు వణకడం, గుండె దడ రావచ్చు. గమ్, ప్యాచ్‌లతో ఈ పని జరగదు, పొగ ఆగడమే దానికి కారణం. కాబట్టి మానే తేదీని మీ ఛాతీ డాక్టర్‌కి ముందే చెప్పండి, ఆయన మోతాదు తగ్గిస్తారు. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. కాఫీ కూడా అంతే, పొగ మానిన మొదటి వారాల్లో రోజూ తాగే రెండు గ్లాసులే ఎక్కువై దడ పుట్టిస్తాయి, జనం అది పైపు మానడం వల్ల వచ్చిన ఇబ్బంది అనుకుని మళ్లీ వెలిగిస్తారు. మీరు రెండో గ్లాసు సగం చేయండి. అబ్బాయికి ఈ రాత్రే ఫోన్ చేసి, ఈసారి డబ్బాలు తేవొద్దని చెప్పండి. ఏదైనా తేవాలనిపిస్తే నికోటిన్ ప్యాచ్‌లు తెమ్మనండి, అక్కడ షాపుల్లో దొరుకుతాయి.