ఇగ్నిటా అని రాసే ముందు

అమ్మలూ, ఆశీస్సులు.

జర్మనీలో మీ ల్యాబ్ పెట్టెలోని కోకిల కందిరీగ ఫోటో చూశాను, అదే, కోకిలలా ఇతర పురుగుల గూళ్లలో గుడ్లు పెట్టేది. తల, రొమ్ము నీలి ఆకుపచ్చ, పొట్ట ఎరుపు. "క్రిసిస్ ఇగ్నిటానే కదా మామయ్యా" అని అడిగావు. లేబుల్ మీద ఆ పేరు రాయడానికి తొందరపడకు. 1758లో లినేయస్ పెట్టిన పేరది. తర్వాత చాలాకాలం ఐరోపాలో ఆ రంగులో దొరికిన ప్రతిదానికీ అదే తగిలించారు. ఇప్పుడు ఆ గుంపులో అంగుస్తులా, లాంగులా, మీడియాటా, ఇంప్రెస్సా... ఇలా ఎన్నో వేరువేరు జాతులున్నాయి. మన ఇళ్ల గోడల మీద మట్టిగూళ్ల చుట్టూ తిరిగే పెద్ద కోకిల కందిరీగ స్టిల్బమ్‌ని చూడగానే గుర్తుపడతాం. జర్మనీలో నీ ముందున్న వాటితో అలా కుదరదు.

రంగును చివర చూడు. పైపెంకులోని పలచని పొరల మీద వెలుతురు పడి పుట్టే రంగు అది. కోణం మారితే మారుతుంది, తడిగా ఉంటే ఇంకోలా కనిపిస్తుంది. ఈ గుంపులోనే ఫుల్గిడా లాంటి జాతులు మాత్రం రంగుతోనే తేలిపోతాయి, దాని పొట్ట మొదటి ఖండం నీలంగా ఉంటుంది. సైజును కూడా నమ్మకు. పిల్లపురుగుగా ఉన్నప్పుడు దొరికిన తిండిని బట్టి ఒకే జాతిలో చిన్నవీ పెద్దవీ వస్తాయి.

అసలు పని పిన్ గుచ్చేటప్పుడే మొదలవుతుంది. ఈ పురుగుల పొట్ట అడుగు లోపలికి వంగి ఉంటుంది, భయపడితే చుట్టుకుపోతాయి. చుట్టుకుని ఎండిపోయిందా, నీకు కావలసిన గుర్తులు సగం లోపలే ఉండిపోతాయి. అందుకే మెత్తగా ఉన్నప్పుడే పొట్టను సన్నని సూదితో చాపు, దవడలు తెరువు, వెనక గొట్టాన్ని కాస్త బయటికి లాగు. ఎండినదైతే తడి టిష్యూ ఉన్న మూత డబ్బాలో పెట్టి మెత్తబరుచు. ఓపిక పట్టు, బలవంతం చేస్తే మీసాలు విరుగుతాయి. పూర్తిగా ఆరాకే మైక్రోస్కోప్ కింద పెట్టు. నేరుగా లైట్ వేస్తే మెరుపు తప్ప ఏమీ కనబడదు, మధ్యలో ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టు.

ముందు ఆడదా మగదా తేల్చు. ఆడవాటితోనే మొదలుపెట్టు, ఈ గుంపులో మగవాటిని విడదీయడం చాలా కష్టం. తర్వాత దవడ మధ్యలో ఎంత మందం ఉందో చూడు. లెప్టోమాండిబులారిస్ అనే జాతికి సన్నని దవడే ముఖ్యమైన గుర్తు. పొట్ట పైన రెండో, మూడో ఖండాల మీది చిన్న గుంటలు ఎంత లోతు, ఎంత దగ్గర, వెనక్కి వెళ్లేకొద్దీ ఎలా మారుతున్నాయి అన్నది నిదానంగా చూడు. చివరి అంచున నాలుగు పళ్లు ఈ గుంపు అంతటికీ ఉంటాయి కాబట్టి వాటిని లెక్కపెట్టి ఆగిపోవద్దు. వాటి ఆకారం, మధ్య ఖాళీలు చూడాలి. తిప్పి అడుగున రెండో ఖండం మీది నల్ల మచ్చల జత చూడు. ఏ ఒక్క గుర్తుతోనూ పేరు పెట్టకు, మూడు నాలుగు ఒకే వైపు చూపించాలి. పక్కన ఖాయంగా గుర్తించిన స్పెసిమెన్ ఒకటి ఉంటే పుస్తకంలోని "సన్నని", "ముతక" అనే మాటలు అప్పుడు అర్థమవుతాయి.

ఎక్కడ దొరికిందో తప్పకుండా రాయి. ఒట్టి ఊరి పేరు చాలదు. ఎండిన చెక్క స్తంభం మీదా, మట్టిగట్టు మీదా? చెక్క రంధ్రాల్లో గూడు పెట్టే సిమ్మోర్ఫస్ కందిరీగలను అంగుస్తులా వెతుక్కుంటుంది, మట్టిగట్టులో తవ్వే ఒడైనెరస్ కందిరీగలను మీడియాటా వెతుక్కుంటుంది. ఇది సాయం చేసే ఆధారమే, తీర్పు కాదు. పాత పుస్తకాల్లో ఇగ్నిటా పేరు కింద రాసిన ఆతిథేయాల (అది ఎవరి గూళ్లలో గుడ్లు పెడుతుందో ఆ పురుగుల) జాబితాలను మాత్రం అనుమానంతోనే చదువు.

తేలకపోతే "ఇగ్నిటా గుంపు" అని రాసి వదిలెయ్, అందులో సిగ్గేమీ లేదు. డిఎన్‌ఏ కోసం ఒక పక్క నుంచి ఒక కాలు మాత్రమే తీయించు, మిగతా స్పెసిమెన్ అదే నంబరుతో ఉండాలి.

నువ్వు పంపిన ఫోటో పైనుంచి తీసినది. దవడ దగ్గరగా ఒకటి, పొట్ట అడుగు ఒకటి తీసి పంపు.

నీ మామయ్య