తన టాప్ తనే కుట్టుకునే అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. నిరుడు ఎండాకాలం సెలవుల్లో మా అత్తగారి పాత కుట్టుమిషన్ బయటికి తీసి, నెట్‌లో ప్యాటర్న్‌లు (బట్ట కత్తిరించడానికి గీసిన కాగితం నమూనాలు) దించుకుని తన టాప్‌లు తనే కుట్టుకోవడం మొదలుపెట్టింది. ఇల్లంతా అంటించిన కాగితాలే. ఇప్పుడు ఇంజనీరింగ్ వద్దు, ఫ్యాషన్ డిజైనింగ్ చేస్తానంటోంది. "ఇంత చదివించింది టైలర్‌ని చేయడానికా" అని వాళ్ల నాన్నగారు. పైగా ఓవర్‌లాక్ మిషన్ (బట్ట అంచు పోగులు ఊడకుండా కుట్టేది) కొనమని గొడవ. ఫొటోలు పంపుతున్నాను, ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు పంపిన ఆరు ఫొటోల్లో నన్ను ఆపింది నాలుగోది. ఇల్లు ఎలా తయారైందో చూపించడానికే దాన్ని తీసి ఉంటారు. హాల్లో నేలంతా కాగితాలు, అవి కదలకుండా నాలుగు మూలలా స్టీలు గ్లాసులు. పెద్దది చేసి చూశాను. వెనక ముక్క మీద పెన్సిల్‌తో ఇలా రాసుంది: "కుడి భుజం పావు అంగుళం దించా. మెడ వెనక ముడత పోయింది. నడుం పైన ముప్పావు తగ్గించా, ఇంకా తగ్గాలి."

మిషన్ తొక్కడం నెల రోజుల్లో ఎవరికైనా వస్తుంది. ముడత చూసి, అది ఏ కొలత తప్పడం వల్ల వచ్చిందో పట్టుకుని, ఆ తప్పుని బట్ట మీద కాకుండా కాగితం మీద సరిచేయడం అంత తేలిగ్గా రాదు. మనం టైలర్ దగ్గరికి ఆది జాకెట్టు పట్టుకెళ్తాం. ఆయన దాన్నే దించుతాడు. ఆదిలో చంక దగ్గర బిగుతుంటే కొత్తదాంట్లోనూ బిగుతే. మీ అమ్మాయి దగ్గర ఆది లేదు. ఎవరో పరాయి ఒంటికి గీసిన కాగితంతో మొదలుపెట్టి తన ఒంటి దాకా తెచ్చుకుంటోంది.

ఎంత పరాయి ఒళ్లో చెబుతాను, వాళ్ల నాన్నగారికి కూడా చదివి వినిపించండి. ఆ కాగితం మీద బుర్దా అని కనిపిస్తోంది. అది జర్మనీ కంపెనీ, 1950 నుంచి పత్రిక వేస్తోంది. వాళ్ల మామూలు సైజులన్నీ 168 సెంటీమీటర్ల ఎత్తు మనిషికి గీసినవి. మీ అమ్మాయి ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం అని ఫొటోలతో పాటు రాశారు, అంటే 155. పదమూడు సెంటీమీటర్ల తేడా. ఆ తేడాని టాప్ అంచు దగ్గర కత్తిరించేస్తే చాలనుకుంటారు చాలామంది. అప్పుడు పొడవు సరిపోతుంది కానీ నడుం వంపు వచ్చి తుంటి మీద కూర్చుంటుంది, నడుం దగ్గర బట్ట సంచిలా ఉబ్బుతుంది. ఛాతీకీ నడుముకీ మధ్య అడ్డంగా గీత గీసి, అక్కడ కాగితం మడిచి తగ్గించాలి. "నడుం పైన ముప్పావు తగ్గించా" అంటే అదే. ఎవరూ చెప్పకుండా అక్కడి దాకా వచ్చింది.

(ఈ కాగితాలు నన్నూ ఒకసారి బోల్తా కొట్టించాయి. మా చెల్లెలికి కుడదామని ఒక ప్యాటర్న్ ప్రింట్ తీశాను. ప్రింటర్ దాన్ని పేజీకి సరిపోయేలా కుదించిందని చూసుకోలేదు. కొలత సరిచూసుకోవడానికి మొదటి పేజీలో పది సెంటీమీటర్ల చతురస్రం ఇస్తారే, అది కొలిస్తే 9.6 వచ్చింది. కొలిచింది ఎప్పుడనుకున్నారు? బట్ట కత్తిరించాక. నలభై అంగుళాలు రావాల్సిన చుట్టుకొలత 38.4 వచ్చింది. ఆ టాప్ ఇప్పుడు మా మేనకోడలు వేసుకుంటోంది.)

ఇక అసలు సంగతి. మీ అమ్మాయి ఫ్యాషన్ డిజైనింగ్ అంటోంది, ఎందుకంటే మనందరికీ తెలిసిన పేరు అదొక్కటే. మీరు పంపినవాటిలో ఒక్క బొమ్మా లేదు, రంగుల ఆలోచన లేదు, కొత్త డిజైన్ లేదు. ఒకే టాప్‌ని నాలుగుసార్లు కుట్టింది, ప్రతిసారీ ఇంకాస్త బాగా కూర్చునేలా. ఇది డిజైనర్ బుద్ధి కాదు, ప్యాటర్న్ మాస్టర్ బుద్ధి. తక్కువని అనడం లేదు. డిజైనర్ గీసిన బొమ్మని ముక్కలుగా విడగొట్టి కాగితం మీద పెట్టేది, ఒక సైజు నుంచి మిగతా సైజులు తీసేది, బట్ట వృథా కాకుండా ముక్కలు పరిచే లెక్క వేసేది ఈ పనివాళ్లే. ఇప్పుడు పెద్ద ఫ్యాక్టరీల్లో ఇదంతా లెక్ట్రా, గెర్బర్ లాంటి సాఫ్ట్‌వేర్‌ల మీద నడుస్తుంది. ఎంపీసీ చదివిన పిల్లకి అక్కడ కొత్తగా భయపడాల్సిందేమీ ఉండదు.

అందుకే నేను మొదట చెప్పేది నిఫ్ట్ (కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) వాళ్ల బీఎఫ్‌టెక్ (బ్యాచిలర్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ), అంటే అపారెల్ ప్రొడక్షన్, దుస్తుల తయారీ. నాలుగేళ్ల కోర్సు, ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలి. మీ అమ్మాయికి ఉంది. హైదరాబాద్ మాదాపూర్‌లోనే క్యాంపస్. అక్కడే డిజైన్ డిగ్రీ బీడిజైన్‌కి అయితే లెక్కలు, ఇంగ్లిష్ లాంటివి చూసే గ్యాట్‌తో పాటు బొమ్మలూ ఊహా చూసే క్యాట్ పరీక్ష, ఆ తర్వాత చేత్తో నమూనా చేసి చూపించే సిచ్యుయేషన్ టెస్ట్ కూడా ఉంటాయి. బీఎఫ్‌టెక్‌కి గ్యాట్ ఒక్కటే. దరఖాస్తులు ఎప్‌సెట్ (పాత ఎంసెట్) హడావుడి కంటే చాలా ముందే, చలికాలంలోనే ముగిసిపోతాయి. ఇంటర్ పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుని ఏటా ఎంతోమంది పోగొట్టుకునేది ఇక్కడే. ఫీజు మాత్రం తక్కువ కాదు, హాస్టల్‌తో కలిపి నాలుగేళ్లకి లక్షల్లో అవుతుంది. బ్యాంకు లోను గురించి ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

అంత పెట్టలేమంటే ఐటీఐలో సూయింగ్ టెక్నాలజీ ఉంది, ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. ఐటీఐ అనగానే మొహం చిట్లించకండి. డిగ్రీ చదువుతూ ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే టైలరింగ్ అండ్ ఎంబ్రాయిడరీ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసుకోవచ్చు. క్రాఫ్ట్ టీచర్ పోస్టుల కోసం రాస్తుంటారు గానీ, ఆ పోస్టులు ఎప్పుడు పడతాయో తెలియదు కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి గార్మెంట్ టెక్నాలజీ డిప్లొమాలో చేరే దారి ఒకటుందని గుర్తు పెట్టుకోండి.

ఉద్యోగాలెక్కడ అంటారా? విశాఖ దగ్గర అచ్యుతాపురంలో బ్రాండిక్స్ దుస్తుల కంపెనీ ఉంది, బెంగళూరులో ఎగుమతి యూనిట్లున్నాయి, టీషర్టుల్లాంటి అల్లిక బట్టకైతే తమిళనాడులోని తిరుపూరు. అసలు మన ఒళ్లకి మన కొలతల పట్టికే లేదనే కదా నిఫ్ట్ వాళ్లు ఇండియా సైజ్ అని ఒక సర్వే పెట్టుకున్నది. ఆరు నగరాల్లో పాతిక వేల మందికి పైగా జనాన్ని త్రీడీ స్కానర్‌తో కొలవాలని. ఆ ఆరింటిలో హైదరాబాద్ ఒకటి. మీ అమ్మాయి హాల్లో నేల మీద కూర్చుని తంటాలు పడుతున్నది ఆ సమస్యతోనే.

అయితే నాకొక అనుమానం ఉంది. అమ్మాయితోనే నేరుగా అంటాను. ఏమ్మా, నువ్వు ఇప్పటిదాకా కుట్టింది ఒక్క ఒంటికే. అది నీ ఒళ్లు. ఎక్కడ పట్టేస్తోందో వేసుకోగానే నీకే తెలుస్తుంది, ఇంకొకరి ఒంటి మీద ఆ సౌకర్యం ఉండదు. ఈ రెండు నెలల్లో మీ అమ్మకి ఒకటి, నానమ్మకి ఒకటి, బాగా సన్నగా ఉన్న స్నేహితురాలికి ఒకటి కుట్టు. మంచి బట్ట పాడుచేయకు, పాత దుప్పటితో ట్రయల్ పీసు చాలు. నానమ్మకి భుజాలు ముందుకి వంగి ఉంటాయి, వెనక ముక్క పొడవు పెరగాలి, ముందు తగ్గాలి. అక్కడ చిరాకు పుడుతోందా, సరదా పుడుతోందా చూసుకో. చిరాకే అయితే మంచిదే, నీ బట్టలు నువ్వు కుట్టుకుంటూ హాయిగా ఇంకేదైనా చదువుకో. ప్రతి టాప్‌కీ ఎన్ని గంటలు పట్టిందో కూడా రాసి పెట్టు. అబద్ధం రాయకు. మూడు రోజులు పట్టినదాన్ని అమ్మాలంటే మీ వీధి టైలర్ కూలితో లెక్క కుదరదు.

అమ్మే ఆలోచన ఉంటే ఇంకొకటి. చాలా ప్యాటర్న్‌ల మీద సొంత వాడకానికి మాత్రమే అని రాసి ఉంటుంది, చదువు. కుట్టి అమ్మాలంటే నీ సొంత కొలతలతో బేసిక్ బ్లాక్ (అన్ని డిజైన్లకీ ఆధారమయ్యే మూల నమూనా) గీయడం నేర్చుకోవాల్సిందే. ఖమ్మంలో పాతకాలం కటింగ్ మాస్టర్ ఎవరైనా ఉంటే వారానికి రెండు పూటలు వెళ్లి పక్కన కూర్చో. ఆయన టేపు ఎక్కడ పెట్టి కొలుస్తాడో చూడు. పుస్తకాల్లో రాసిన చోట పెట్టడు, ఎందుకని అడుగు.

అమ్మా, వాళ్ల నాన్నగారితో వాదించకండి. ఆదివారం ఒక గంట ఆయన్ని హాల్లో కూర్చోబెట్టి, మొదటి టాప్ కాగితం, నాలుగో టాప్ కాగితం పక్కపక్కన పెట్టి అమ్మాయినే చెప్పమనండి, ఏది ఎందుకు మార్చిందో. చేతి ముక్క పైన ఉన్న వంపు, అది అతుక్కునే చంక వంపు కంటే కాస్త పొడుగెందుకు ఉండాలో చెప్పించండి. ఆయన లెక్కల మనిషైతే మధ్యలో ఆయనే టేపు అందుకుంటారు.

ఓవర్‌లాక్ మిషన్ ఇప్పుడే వద్దు. పక్క వీధి టైలర్ దగ్గర ముక్కకి ఇంత అని ఓవర్‌లాక్ చేసిస్తారు, పది టాప్‌ల దాకా అది చాలు. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి కత్తెర ఒకటి కొనిపెట్టండి. దాంతో ఇంట్లో ఎవరూ పాల ప్యాకెట్లు కొయ్యకుండా చూసుకోండి.