బాప్తిస్మం తర్వాత మొదటి ఏడాది

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ల బాధ్యత మీ పాస్టరుగారు నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. ఈ పనికి కనీసం ఒక ఏడాది పడుతుందని ముందే మనసులో పెట్టుకో. బైబిల్లో, అంతియొకయ పట్టణంలోని కొత్త సంఘం కోసం బర్నబా అనే తొలి సంఘ నాయకుడు చేసింది అదే. తార్సుకు వెళ్లి సౌలును, అంటే పౌలును, వెతికి తీసుకొచ్చాడు. ఇద్దరూ ఒక సంవత్సరమంతా ఆ సంఘంతో ఉండి బోధించారు. శిష్యులను మొట్టమొదట క్రైస్తవులు అన్నది ఆ ఊళ్లోనే.

మన దగ్గర చాలాచోట్ల నీళ్లలోంచి పైకి రాగానే పని అయిపోయిందనుకుంటారు. తర్వాతి ఆదివారమే ఆ మనిషికి మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమంటారు, నెల తిరక్కుండానే దశమభాగం, అంటే సంపాదనలో పదోవంతు కానుక, మాట ఎత్తుతారు. నువ్వు ఈ రెండూ చేయవద్దు. వేదికకు అలవాటుపడినవాళ్లు చప్పట్లు ఆగగానే నీరసించిపోవడం చాలామందిలో చూశాను.

ఒక్కొక్కరికీ ఒక విశ్వాసిని తోడు పెట్టు. ఆడవాళ్లకు ఆడవాళ్లే ఉండాలి. వారానికి ఒకసారి ఇంట్లో కూర్చుని మార్కు సువార్త చదవండి. పదహారే అధ్యాయాలు, వారానికి ఒకటి చాలు. చదివాక ఆ వారంలో ఏం చేయాలో ఒక్క సంగతి అనుకోండి. మళ్లీ కలిసినప్పుడు ముందు దాని గురించే అడగాలి. చదువు రానివాళ్లుంటే చదివి వినిపించు, కథ తిరిగి చెప్పమను. ప్రార్థన కూడా వాళ్ల మాటల్లోనే చేయనివ్వు. మన కూటాల భాష రాలేదని ఎవరూ సిగ్గుపడకూడదు.

ఇంట్లో వాళ్లొక్కరే విశ్వాసి అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పండగ రోజు ఏం చేయాలి, ప్రసాదం పెడితే ఏం చెప్పాలి అని వాళ్లకు చాలా టెన్షన్ ఉంటుంది. విగ్రహాలకు పెట్టిన ఆహారం గురించి పౌలు రాసిన 1 కొరింథీయులు 8, 10 అధ్యాయాలు వాళ్లతో కూర్చుని నిదానంగా చదువు. అమ్మానాన్నలతో తెగదెంపులు చేసుకోమని మాత్రం ఎవరికీ చెప్పకు. మునుపటికంటే బాగా వాళ్లను చూసుకోవడమే ఆ ఇంట్లో మొదటి సాక్ష్యం.

1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి అందరూ గొప్పగా చెబుతారు. అంతకుముందు కరువులో అక్కడి అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. ఆ సాయం నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. కూటికోసం వచ్చారన్న మాట రాకూడదనుకున్నారు. నాకు ఆ అంకె కంటే ఆయన అలా ఓపికపట్టడమే గొప్పగా అనిపిస్తుంది. నువ్వూ లెక్క చూపించడానికి తొందరపడకు.

అలాగని ఊరికే కూర్చోబెట్టకు. దోర్నకల్‌లో బిషప్ అజరయ్యగారు బాప్తిస్మం పొందినవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే పౌలు మాట పలికించేవారు. మైకు లేకుండానే పక్కింటివాళ్లకు, పొలంలో తోటి కూలీలకు చెప్పమను. చాపలు పరచడం, రోగుల్ని చూసి రావడం లాంటి పనులు అప్పగించు.

ఎవరైనా ఆదివారం రాకపోతే సోమవారం సాయంత్రమే వాళ్లింటికి వెళ్లు. ఎందుకు రాలేదని నిలదీయకు, బాగున్నారా అని అడిగి, కాసేపు కూర్చుని ప్రార్థన చేసి రా. వాళ్ల పేర్లు నాకూ రాసి పంపు, ఇక్కడ మేమూ రోజూ ప్రార్థిస్తాం.

నీ అన్నయ్య