నాలుగు వేల డాలర్ల స్కోప్ కొనే ముందు తూటాల లెక్క

ప్రశ్న: డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. జీతం ఏడాదికి 1,50,000 డాలర్లు, ఇంట్లో సంపాదన నాదొక్కటే. ఇద్దరు పిల్లలు. గ్రీన్‌కార్డు వచ్చాక లాంగ్ రేంజ్ షూటింగ్ మొదలుపెట్టాను. 6.5 క్రీడ్‌మోర్ రకం తూటా వాడే బెర్గారా కంపెనీ రైఫిల్ ఉంది, దాని మీద 500 డాలర్ల స్కోప్ (గురి చూసే దూరదర్శిని) ఉంది. నెలకో క్లబ్ మ్యాచ్‌కి వెళ్తున్నాను కానీ వెయ్యి గజాల దగ్గర గురి తప్పుతోంది. నైట్‌ఫోర్స్ ఏటాకర్ 7-35×56 స్కోప్ (7 నుంచి 35 రెట్ల జూమ్) కొనాలని ఉంది, ధర 3,700. పన్నెండు నెలల సున్నా వడ్డీ వాయిదాల్లో తీసుకోనా, లేక నాలుగు నెలలు 401(కె) (ఉద్యోగుల పదవీ విరమణ పొదుపు) ఆపి రొక్కంగా కొననా? ఇంటి ఖర్చులు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది, పిల్లల పేరు మీద వేసేది అన్నీ పోను నెలకు 900 మిగులుతాయి. అత్యవసర నిధి 26,000 ఉంది. కార్డు బాకీలు లేవు.

జవాబు: రెండు దారులూ వద్దు. ఐదు నెలలు ఆగి, 2,100 డాలర్ల లోపు రొక్కంతో కొనండి. ఎందుకంటారా, ముందు 401(కె) సంగతి చూద్దాం.

మీరు జీతంలో 8 శాతం వేస్తున్నారని, కంపెనీ మొదటి 4 శాతానికి డాలరుకు డాలరు కలుపుతుందని ఉత్తరంలో రాశారు. అంటే నెలకు మీరు 1,000, కంపెనీ 500. నాలుగు నెలలు ఆపితే చేతికి 4,000 వస్తుందని మీ అంచనా. అంత రాదు. ఆ డబ్బు ఇప్పటిదాకా ఆదాయపు పన్ను కోతకు ముందే పక్కకు వెళ్తోంది. ఆపగానే దాని మీద పన్ను పడుతుంది. 22 శాతం శ్లాబు లెక్కన చేతికొచ్చేది 3,120. కంపెనీ వాటా 2,000 పోతుంది. కొన్ని కంపెనీలు ఏడాది చివర లెక్క సరిచేసి ఆ లోటు పూడుస్తాయి గానీ, మీ ప్లాన్ పత్రంలో ఆ మాట స్పష్టంగా ఉంటే తప్ప నమ్ముకోవద్దు. స్కోప్ కోసం కంపెనీ ఇచ్చే డబ్బు వదులుకోవడం ఈ మొత్తంలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు.

ఇక వాయిదాలు. స్కోప్ 3,700 అంటే అక్కడితో ఆగదు. మీ ఊళ్లో అమ్మకం పన్ను 8.25 శాతం, అది 305. స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే మంచి మౌంట్ 300 దాకా. వెరసి 4,300. పన్నెండు వాయిదాలంటే నెలకు 358. మీకు మిగిలేది 900 కదా, కట్టేయొచ్చు అనిపిస్తుంది. కానీ ఆ 900లోంచే తూటాలు కూడా కొనాలి, ఆ ఖర్చు మీ లెక్కలో ఎక్కడా లేదు.

మ్యాచ్‌కి 100, సాధనకి 100, నెలకు 200 తూటాలు అనుకుందాం. మ్యాచ్ రకం 20 తూటాల పెట్టె 36 డాలర్లు, అంటే నెలకు 360. ప్రవేశ రుసుము, రేంజ్, పెట్రోలు కలిపి 120. నెలకు 200 తూటాలంటే ఏడాదికి 2,400 తూటాలు. 6.5 క్రీడ్‌మోర్ బ్యారెల్ గురి 2,000, 3,000 తూటాల మధ్య ఎక్కడో తగ్గిపోతుంది. కాబట్టి దాదాపు ఏడాదికో బ్యారెల్. బిగింపుతో కలిపి 700 అనుకున్నా నెలకు 60 పక్కన పెట్టాలి. మొత్తం 540. మిగిలేది 360, వాయిదా 358. కారు టైరు పంక్చరైనా కార్డు గీకాల్సిందే. అలాంటప్పుడు చాలామంది ముందు కోసేది తూటాలనే. స్కోప్ సేఫ్‌లో ఉంటుంది, మీరు నెలకు ముప్పై తూటాలతో సరిపెట్టుకుంటారు.

వాయిదాల పత్రంలో ఇంకో మెలిక ఉంటుంది. నిజమైన సున్నా వడ్డీ వేరు, 'గడువులో మొత్తం తీరిస్తే వడ్డీ లేదు' అనేది వేరు. రెండో రకంలో వడ్డీ మొదటి రోజు నుంచి లోపల పోగవుతూనే ఉంటుంది. చివరి రోజుకి వంద డాలర్లు బాకీ మిగిలినా ఆ పోగైన వడ్డీ అంతా మీద పడుతుంది. 29 శాతం రేటైతే మీ విషయంలో అది 600 పైనే. స్టోర్ కార్డుల్లో ఎక్కువగా ఉండేది ఈ రకమే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం: ఆ వెయ్యి గజాల గురి ఎందుకు తప్పుతోంది? గంటకు 10 మైళ్ల అడ్డగాలి 140 గ్రెయిన్ల తూటాను అంత దూరంలో సుమారు 2 మిల్ (స్కోప్‌లలో వాడే కోణం కొలత) పక్కకు నెడుతుంది. గాలిని 2 మైళ్లు తక్కువో ఎక్కువో అంచనా వేస్తే 0.4 మిల్ తేడా. వెయ్యి గజాల దగ్గర 1 మిల్ అంటే 36 అంగుళాలు కాబట్టి తూటా 14 అంగుళాలు పక్కన పడుతుంది. ఏ అద్దమూ దీన్ని సరిచేయదు, తూటాలు కాల్చీ కాల్చీ నేర్చుకోవాల్సిందే. రెండోది రైఫిల్ ఒరిగిపోవడం. టరెట్ (స్కోప్ మీద గురి సరిచేసే తిరుగుడు మీట) మీద 9 మిల్ పైకి తిప్పి, రైఫిల్‌ని 3 డిగ్రీలు పక్కకి వంచి కాలిస్తే 0.47 మిల్ పక్కకి పోతుంది, అంటే 17 అంగుళాలు. కంటికి 3 డిగ్రీలు అంత తేలిగ్గా తెలియదు. దీనికి మందు 40 డాలర్ల బుడగ మట్టం.

ఈ రెండూ పోయాక స్కోప్‌ని అనుమానించాలి. అదీ ఊహతో కాదు, పరీక్ష పెట్టి. టేపుతో కొలిచి సరిగ్గా 100 గజాల దూరంలో నాలుగడుగుల ఎత్తున్న అట్ట నిలబెట్టండి. మేస్త్రీలు గోడ తూకం చూసినట్టు దారానికి బరువు కట్టి వేలాడదీసి, ఆ దారం వెంట అట్ట మీద నిలువు గీత గీయండి. కింద ఒక చుక్క పెట్టండి. రెటికిల్ (స్కోప్ లోపల కనిపించే గురి గీతలు) నిలువు గీత ఆ గీతతో కలిసేలా, మట్టం చూసుకుంటూ ఐదు తూటాలు చుక్క మీద కాల్చండి. తర్వాత టరెట్ 10 మిల్ పైకి తిప్పి, గురి మాత్రం ఆ కింది చుక్క మీదే ఉంచి ఇంకో ఐదు కాల్చండి. రెండు గుంపుల నడుమ దూరం 36 అంగుళాలు రావాలి. మళ్లీ సున్నాకి తెచ్చి మూడు కాల్చండి, మొదటి గుంపులోనే పడాలి.

36కి బదులు 35.3 వచ్చిందనుకోండి, 2 శాతం తక్కువ. 9 మిల్ దగ్గర అది 0.18 మిల్, ఆరు అంగుళాల పైచిలుకు. భయపడనక్కర్లేదు. చాలా బాలిస్టిక్ యాప్‌లలో ఈ దిద్దుబాటు సంఖ్య వేసుకునే గడి ఉంటుంది, పైసా ఖర్చు లేదు. సున్నాకి తిరిగి రాకపోయినా, కాల్చిన ప్రతిసారీ లెక్క మారుతున్నా ముందు రింగుల మరలు, బేస్ బిగింపు చూడండి. అవి సరిగ్గా ఉండి కూడా అదే వరస అయితే ఆ స్కోప్‌కి రోజులు చెల్లాయి. రెటికిల్ నిటారుగా కదులుతోందా, పక్కకి జారుతోందా అన్నదీ ఈ గీత మీదే కనిపిస్తుంది.

పరీక్షలో నెగ్గితే ఈ ఐదు నెలలూ అదే వాడండి. ఓడితే, ఎక్కువ ధర పెట్టాల్సింది దేనికో తెలుసుకుని కొనండి. చెప్పినంత తిరిగి, చెప్పిన చోటికి తిరిగొచ్చే టరెట్‌కి పెట్టండి. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ రెటికిల్‌కి పెట్టండి, అందులో ఏ జూమ్‌లోనైనా మిల్ గీతలు మిల్ గానే ఉంటాయి. జీరో స్టాప్‌కి పెట్టండి, మ్యాచ్ హడావిడిలో టరెట్ ఒక చుట్టు ఎక్కువ తిరిగిపోయే తప్పు దాంతో తప్పుతుంది. టరెట్, రెటికిల్ రెండూ మిల్‌లోనే ఉండాలి. ఒకటి మిల్, ఒకటి ఎమ్ఓఏ (ఇంకో కోణం కొలత) ఉన్న పాత సరుకు ఎంత చవకైనా వద్దు. మనం చిన్నప్పటి నుంచీ మీటర్లలో చదువుకున్నవాళ్లం, 100 మీటర్లకు 0.1 మిల్ క్లిక్ అంటే సెంటీమీటరు అని ఇట్టే పట్టేస్తాం.

డబ్బు పెట్టక్కర్లేనిది 35 రెట్ల జూమ్‌కి. టెక్సస్ వేసవిలో పొద్దున పది దాటితే నేల మీద ఎండమావులు లేస్తాయి. 35 రెట్లలో గురిపెట్టే ఇనప ప్లేటు నీళ్లలో తేలుతున్నట్టు ఊగుతుంది. మ్యాచ్‌లలో అనుభవజ్ఞులు ఎక్కువగా 12 నుంచి 18 మధ్యే ఉంటారు, ఆ పరిధిలో పక్క ప్లేట్లూ కనిపిస్తాయి, తూటా దుమ్ము లేపిన చోటూ కనిపిస్తుంది. ఏటాకర్ గొప్ప పనిముట్టే, ఆ మాటకు తిరుగులేదు. చీకటి పడే వేళ అద్దంలో తేడా నిజంగానే తెలుస్తుంది. మీకు ఈ రెండేళ్లలో ఆ తేడా పాయింట్లుగా మారదని నా అభిప్రాయం.

2,100లో దొరికేవి రెండు చెప్తాను. ఒకటి ల్యూపోల్డ్ మార్క్ 5హెచ్‌డీ 5-25×56. కొత్తది రెటికిల్‌ని బట్టి 2,000 నుంచి 2,500 దాకా ఉంటుంది, షోరూం నమూనాగానో వాడిందిగానో అయితే మీ బడ్జెట్‌లోకి వస్తుంది. దీని గొట్టం 35 మిల్లీమీటర్లు, మామూలు 34 రింగులు పట్టవు. ఇది చూసుకోకుండా రింగులు కొని వెనక్కి పంపేవాళ్లు చాలామంది. రెండోది వాడిన వోర్టెక్స్ రేజర్ హెచ్‌డీ జెన్ 2, 4.5-27×56. గొట్టం 34. బరువు 48.5 ఔన్సులు, మూడు పౌండ్లు దాటింది, మ్యాచ్ రైఫిల్‌కి అది ఇబ్బంది కాదు. వోర్టెక్స్ జీవితకాల వారంటీ ఎవరి చేతిలో ఉంటే వారికే వర్తిస్తుంది, రసీదు అడగరు. అందుకే వాడిన సరుకులో దానికి నా ఓటు.

వాడింది కొనేటప్పుడు గొట్టం మీద రింగుల ముద్ర చూడండి. రంగు చెరగడం పర్లేదు. వేలితో తడిమితే నొక్కు తగిలిందంటే ఎవరో అతిగా బిగించారని అర్థం, లోపలి గొట్టం కదలిక బిగుసుకుపోయి ఉండొచ్చు, వదిలేయండి. డబ్బు పంపేటప్పుడు 'స్నేహితులు, బంధువులు' పద్ధతిలో పంపవద్దు, కొనుగోలుదారుకి రక్షణ ఉన్న పద్ధతిలోనే పంపండి. మూడు శాతం రుసుము ఎవరు కట్టాలని పేచీ వస్తే మీరే కట్టండి.

మౌంట్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టవుతుంది. 20 ఎమ్ఓఏ వాలున్న రైలు (రైఫిల్ మీద మౌంట్ కూర్చునే పట్టీ) వేయించండి, పైకి తిప్పే వీలు 5.8 మిల్ పెరుగుతుంది. టార్క్ రెంచ్ 60 డాలర్ల లోపే వస్తుంది. రింగు మరలు సాధారణంగా 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు, మౌంట్‌ని రైలుకు బిగించే నట్లు దానికన్నా ఎక్కువ, కచ్చితమైన అంకె తయారీదారు కాగితం మీద చూడండి. రింగు మరలకు తయారీదారు చెప్తే తప్ప థ్రెడ్‌లాకర్ (మర సడలకుండా పూసే జిగురు) పూయకండి. తడిగా ఉన్న మర అదే అంకెకు ఇంకా ఎక్కువ బిగుసుకుంటుంది, గొట్టం నొక్కుకుపోవడానికి అదో కారణం.

డబ్బు ఇలా కూడుతుంది. తూటాలు, బ్యారెల్ పోను మిగిలే 360ని విడి పొదుపు ఖాతాలోకి వేయండి, ఐదు నెలలకు 1,800. పాత స్కోప్ అమ్మితే 250 నుంచి 300. మట్టం మాత్రం పరీక్షకు ముందే కొనండి; రైలు, టార్క్ రెంచ్, రింగులు ఆరో నెల, ఏడో నెల మిగులులోంచి. ఈలోగా కాల్చకుండా ఇంట్లోనే రోజూ పావుగంట ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ సాధన చేయండి. తూటాలు ఆ గదిలో ఉండకూడదు.

కొన్న రోజే ఇంటి ఇన్సూరెన్స్ ఏజెంటుకి ఫోన్ చేయండి. మామూలు ఇంటి పాలసీల్లో తుపాకులు, వాటి సామగ్రి దొంగతనానికి పోతే పరిహారం చాలాచోట్ల 2,500 డాలర్ల దగ్గర ఆగిపోతుంది, రైఫిల్, స్కోప్ అన్నీ కలిపి. విడిగా వస్తువు పేరు, సీరియల్ నంబరు రాయించుకునే అనుబంధం తీసుకోండి.

హెచ్-1బీ మీద ఉన్న స్నేహితులు ఒకసారి కాలుస్తామని అడుగుతారు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. చేతికిచ్చినందుకు మీరూ చిక్కుల్లో పడతారు, కాబట్టి వకీలుని అడగకుండా ఇవ్వకండి. అలాగే స్కోప్ అమెరికా వాణిజ్య శాఖ ఎగుమతి నియంత్రణల కింద ఉన్న వస్తువు. ఊరికి వెళ్లేటప్పుడు తమ్ముడికి చూపిద్దామని సూట్‌కేసులో పెట్టుకోవద్దు.