పాత ల్యాప్‌టాప్‌లో హైకూ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చా? దాని తయారీలో కొత్తవారు పాల్గొనవచ్చా?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. రెండు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు లినక్స్ కాకుండా తేలికైన ఓపెన్ సోర్స్ వ్యవస్థగా హైకూ పనికివస్తుందా అన్నది మొదటిది. ప్రోగ్రామింగ్ కొద్దిగా తెలిసినవారు దాని తయారీలో చేరగలరా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు ఇది: రెండో కంప్యూటర్‌గా అయితే నిస్సంకోచంగా వేసుకోండి, ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కంప్యూటర్ అదే అయితే వద్దు. రెండోదానికి అవుననే చెబుతాను, కానీ ఓపిక కావాలి.

2021 జులైలో హైకూ మూడో బీటా (తుది విడుదలకు ముందు వచ్చే పరీక్షా కూర్పు) విడుదలైన కొన్ని నెలలకు, పదేళ్ళ వయసున్న నా ల్యాప్‌టాప్‌లో హైకూ వేశాను. కోర్ ఐ3 ప్రాసెసర్, రెండు జీబీ ర్యామ్, తరువాత నేను మార్పించిన చిన్న ఎస్‌ఎస్‌డీ, అంతే. 2024 సెప్టెంబరులో వచ్చిన ఐదో బీటా కూడా అదే యంత్రంలో నడిచింది. మీటనొక్కిన పావు నిమిషంలోపే డెస్క్‌టాప్ వచ్చి కూర్చుంటుంది, ఏ ప్రోగ్రామూ తెరవకుండా ఉంచితే ర్యామ్‌లో నాలుగో వంతు కూడా వాడుకోదు. అధికారికంగా అడిగే కనీస ర్యామ్ 384 ఎంబీ మాత్రమే.

హైకూ లినక్స్‌లో ఒక రకం అని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. యాపిల్‌లో ఉన్నత పదవిలో పనిచేసి బయటికి వచ్చిన జాన్ లూయి గాసే స్థాపించిన బీ అనే సంస్థ 1990లలో బీఓఎస్ అనే వ్యవస్థను తయారు చేసింది. 1996లో యాపిల్ దానిని కొనబోయి, చివరికి స్టీవ్ జాబ్స్ సంస్థ నెక్స్ట్‌ను కొన్నది. బీఓఎస్ నిలదొక్కుకోలేక 2001లో పామ్ సంస్థకు 1.1 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. సోర్స్ కోడ్ చాలావరకు బయటికి రాలేదు. అభిమానులు అదే సంవత్సరం ఓపెన్‌బీఓఎస్ పేరుతో దానిని మొదటి నుంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టారు, 2004లో పేరు హైకూగా మార్చుకున్నారు. బీఓఎస్‌తో వచ్చే బ్రౌజర్ పేజీ దొరకనప్పుడు ఆ సంగతిని జపాను హైకూ పద్యం రూపంలో చెప్పేదట, పేరు వెనుక ఉన్న చమత్కారం అదే. కర్నెల్ (యంత్రాన్ని, ప్రోగ్రాములను కలిపే వ్యవస్థ గుండెకాయ) విషయంలో మాత్రం వారు పూర్తి శూన్యం నుంచి మొదలుపెట్టలేదు. బీ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన ట్రావిస్ గైసెల్‌బ్రెక్ట్ రాసిన న్యూఓఎస్ కర్నెల్‌ను తీసుకుని పెంచారు.

ఇది తేలికగా ఉండటానికి కారణం ఏవో సౌకర్యాలు కోసివేయడం కాదని, కొన్నాళ్ళు వాడిన తరువాతగానీ నాకు అర్థం కాలేదు. లినక్స్‌లో కర్నెల్ ఒకరిది, కిటికీలు గీసే పొర మరొకరిది, డెస్క్‌టాప్ ఇంకొకరిది, వాటిని కలిపి కుట్టి మనకు అందించేవారు వేరొకరు. హైకూలో కర్నెల్ నుంచి ఫైల్ మేనేజర్ దాకా ఒకే బృందం, ఒకే చోట ఉండే సోర్స్ కోడ్. పైగా బీఓఎస్ నుంచి వారసత్వంగా వచ్చిన నియమం ఒకటుంది: ప్రతి కిటికీకీ సొంత థ్రెడ్, అంటే విడిగా నడిచే పనుల వరుస, ఉంటుంది. అందువల్ల ఒక ప్రోగ్రాము ఏదో బరువైన పనిలో మునిగిపోయినా దాని కిటికీ సాధారణంగా బిగుసుకుపోదు, పక్క కిటికీకి ఆ సంగతే తెలియదు. పాత యంత్రంలో వేగం అనిపించేది చాలావరకు ఈ స్పందనే.

ప్యాకేజీల పద్ధతి కూడా నాకు నచ్చింది. ప్రోగ్రాము వేసుకోవడమంటే హెచ్‌పీకేజీ అనే హైకూ ప్యాకేజీ ఫైలును ఒక ఫోల్డరులో పెట్టడమే. అది విడిపోయి పది చోట్ల చెల్లాచెదురు కాదు, ఉన్నది ఉన్నట్టుగానే ఫైల్ వ్యవస్థకు తగులుకుంటుంది. ఫైలు తీసేస్తే ప్రోగ్రాము పోయినట్టే. నవీకరణ తరువాత ఏదైనా చెడితే, బూట్ అయ్యే సమయంలో పాత తేదీ నాటి ప్యాకేజీల స్థితిని ఎంచుకుని వెనక్కి వెళ్ళవచ్చు. ఒకసారి నాకు గ్రాఫిక్స్ డ్రైవర్ మొరాయించినప్పుడు ఇదే ఆదుకుంది. బీటాకంటే ముందు దశ అయిన 2012 నవంబరు నాటి నాలుగో ఆల్ఫాకు, 2018 సెప్టెంబరు నాటి మొదటి బీటాకు మధ్య దాదాపు ఆరేళ్ళు పట్టడానికి ఈ ప్యాకేజీ వ్యవస్థను తెచ్చి కుదురుకోనివ్వడం ఒక ముఖ్య కారణం.

అయితే నన్ను దీనికి కట్టిపడేసింది ఫైల్ వ్యవస్థ. డొమినిక్ జాంపాలో బీఓఎస్ కోసం రూపొందించిన బీఎఫ్ఎస్‌ను ఆక్సెల్ డోర్‌ఫ్లర్ హైకూ కోసం మళ్ళీ రాశారు. ఇందులో ప్రతి ఫైలుకూ మనకు కావలసిన లక్షణాలను తగిలించవచ్చు, వాటి ఆధారంగా డేటాబేసులో వెతికినట్టు వెతకవచ్చు. మా ఇంటి పన్ను రసీదులు, పొలం కాగితాలు, వైద్య పరీక్షల రిపోర్టులు స్కాన్ చేసినవి నాలుగు వందల దాకా ఉన్నాయి. ఒక్కొక్కదానికి సంవత్సరం, ఎవరి పేరు మీద ఉన్నది, ఏ రకం కాగితం అన్న మూడు లక్షణాలు పెట్టాను. ఇప్పుడు ‘అమ్మ పేరు మీద, 2019 తరువాత, ఆస్పత్రి’ అని అడిగితే కన్ను మూసి తెరిచేలోగా జాబితా వస్తుంది. ఆ వెతుకులాటనే ఒక ఫైలుగా దాచుకోవచ్చు, దానిని తెరిచి ఉంచినప్పుడు కొత్త కాగితం చేరిస్తే జాబితాలో అప్పటికప్పుడు కనిపిస్తుంది. ఇక్కడ నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. లక్షణాలన్నీ పెట్టిన తరువాత ఇండెక్స్ (వెతకడానికి వాడే సూచిక) సృష్టించాను, వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఇండెక్స్ ఏర్పడిన తరువాత రాసిన లక్షణాలే అందులో చేరతాయి, పాతవాటికి రీఇండెక్స్ అనే ఆదేశం విడిగా ఇవ్వాలి. ఇంకొకటి, మామూలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే లక్షణాలన్నీ రాలిపోతాయి. హైకూలోనే జిప్ చేసి పంపితే నిలుస్తాయి.

ఇక లోపాలు. ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రపోయే ఏర్పాటు లేదు. నా యంత్రంలో త్రీడీ గ్రాఫిక్స్ భారమంతా ప్రాసెసర్ మీదే పడింది. వేర్వేరు వ్యక్తులకు వేర్వేరు ఖాతాలు ఉండవు. వైఫై డ్రైవర్లను ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ అనే వేరే ఓపెన్ సోర్స్ వ్యవస్థల నుంచి తెచ్చుకుంటారు కనుక ఇంటెల్ కార్డులు చాలావరకు పనిచేస్తాయి, మిగతావి అదృష్టం.

తెలుగువారిగా మనకు అన్నిటికంటే బాధ కలిగించేది వేరే ఉంది. నేను వాడినంత కాలం హైకూ సొంత ప్రోగ్రాములలో తెలుగు సరిగా కనిపించలేదు. మంచి ఫాంటు వేసుకున్నా, ‘స్త్రీ’ అని రాస్తే సకారం, పొల్లు, తకారం, మళ్ళీ పొల్లు విడివిడిగా వరుసలో నిలబడతాయి, వత్తులు కిందికి దిగవు. ఇది ఫాంటు తప్పు కాదు. ఏ అక్షరాలు కలిసి ఏ ఆకారం పొందాలో నిర్ణయించే దశ ఒకటి ఉంటుంది, అక్షరాలను తెరమీద గీసే హైకూ యంత్రాంగంలో ఆ దశే లేదు. ఇంగ్లీషుకు ఆ అవసరం పెద్దగా రాదు కనుక బీఓఎస్ కాలం నుంచీ అది వెలితిగానే ఉండిపోయింది. క్యూటీ అనే ప్రోగ్రాముల తయారీ సామగ్రి ఆధారంగా తయారైన ప్రోగ్రాములు ఆ పనిని హార్ఫ్‌బజ్ అనే అక్షరాలు కూర్చే లైబ్రరీ సాయంతో తామే చేసుకుంటాయి కాబట్టి వాటిలో తెలుగు చక్కగా ఉంటుంది. నేను వార్తలు చదవడానికి ఆ కోవలోదే అయిన ఫాల్కన్ బ్రౌజర్ వాడతాను, రెండు జీబీలో అది కాస్త బరువే.

తయారీలో చేరడం గురించి. కోడ్ ఎక్కువగా సీ ప్లస్ ప్లస్, లైసెన్సు ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే ఎంఐటీ. అమెరికాలో నమోదైన లాభాపేక్ష లేని హైకూ సంస్థ విరాళాలతో 2021 నుంచి ఒక డెవలపరుకు పూర్తికాలపు పని ఇస్తున్నది, మిగిలినవారు దాదాపు అందరూ ఖాళీ వేళల్లో రాసేవారే. నా మొదటి సాయం కోడ్ కానే కాదు. పెన్‌డ్రైవ్ లాగిన క్షణాన వ్యవస్థ కుప్పకూలి, లోపాన్ని వెతకడానికి వాడే కర్నెల్ డీబగ్గర్ తెర వచ్చింది. ‘బీటీ’ (కూలే ముందు నడుస్తున్న ఫంక్షన్ల వరుస చూపే ఆదేశం) అని కొట్టి, వచ్చిన వరుసలను ఫోనుతో ఫోటో తీసి, లోపాల నమోదు పట్టికలో పెట్టాను. కొన్ని వారాలకు దినసరి కూర్పులో అది సరిదిద్దబడింది. ఆ ఉత్సాహంతో ‘సులభం’ అని గుర్తు వేసిన లోపాలలో ఒకటి తీసుకున్నాను. అక్షరాల పరిమాణం పెంచితే ఒక సెట్టింగుల కిటికీలో బటన్ మీది మాట సగం తెగిపోతోంది. ఎవరో ఎప్పుడో కొలతను పిక్సెళ్ళలో గట్టిగా రాసిపెట్టారు, దానిని ఫాంటు పరిమాణాన్ని బట్టి మారేలా చేయాలి. మార్చింది పదకొండు పంక్తులు. గెరిట్ అనే కోడ్ సమీక్షా వేదికకు పంపితే మూడుసార్లు తిరిగివచ్చింది: ఒకసారి ఖాళీల అమరిక, ఒకసారి మార్పుతో పాటు పంపే సందేశం రాసిన తీరు, ఒకసారి అదే పని చేసే ఫంక్షను ఇప్పటికే ఉందన్న సూచన. మొదట చిన్నబుచ్చుకున్నాను. తరువాత చూస్తే, పాతికేళ్ళ కోడ్ ఒకే చేతిరాతలా కనిపించడానికి ఆ పట్టుదలే కారణమని తెలిసింది.

కోడ్ నిర్మాణానికి మాత్రం పాత ల్యాప్‌టాప్‌ను కష్టపెట్టకండి. మొదట కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరునే నిర్మించుకోవాలి, దానికే చాలా సమయం పడుతుంది. వేరే డెస్క్‌టాప్‌లో లినక్స్ మీద జామ్ అనే నిర్మాణ సాధనంతో నిర్మించి, వచ్చిన ఇమేజిని కంప్యూటర్‌ను అనుకరించే క్యూఈఎంయూ ప్రోగ్రాములో నడిపి చూసుకోవడం మేలు.

ఇన్‌స్టాల్ చేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే రెండు మూడు రోజులు వాడి చూడండి, డిస్కులో ఏమీ మారదు. వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్ మూడూ పనిచేస్తే మాత్రమే ముందుకు వెళ్ళండి. తెర నల్లగా ఉండిపోతే, బూట్ మొదలవుతుండగా షిఫ్ట్ పట్టుకుని ఉంచండి, యూఈఎఫ్ఐ (కొత్త తరహా బూట్ పద్ధతి) ఉన్న యంత్రమైతే స్పేస్ మీట నొక్కండి. అక్కడ వచ్చే మెనూలో సురక్షిత గ్రాఫిక్స్ ఎంచుకుంటే చాలా యంత్రాలలో తెర వెలుగుతుంది.