బైబిల్ వంశావళుల్లో పేర్లు ఒకచోట ఉండి ఇంకోచోట ఎందుకు ఉండవు? వాటిని ఎలా చదవాలి?

దినవృత్తాంతముల్లో యెహోరాముకీ ఉజ్జియాకీ మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా అని ముగ్గురు రాజులున్నారు, మత్తయి మాత్రం యెహోరాము ఉజ్జియాను కన్నాడని రాశాడు, ఇది తప్పు కాదా అని అడిగారు. నేనూ చాలా ఏళ్ళు సరిగ్గా అక్కడే ఆగిపోయాను.

మా తాతయ్య పోయాక పొలం పంపకాలప్పుడు నాన్న ఒక కాగితం మీద వంశవృక్షం గీశారు. ముత్తాత దగ్గర మొదలుపెట్టి, ఆ పొలం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో అంతవరకే రాశారు. పసితనంలో పోయినవాళ్ళు, వాటా తీసుకుని ఊరు వదిలినవాళ్ళు అందులో లేరు. అబద్ధం ఒక్కటీ లేదు, ఆ కాగితంతో పని అంతే. ఆ రాత్రి మత్తయి మొదటి అధ్యాయం మళ్ళీ తీశాను.

మత్తయి అబ్రాహాము నుంచి క్రీస్తు వరకు పద్నాలుగేసి తరాల చొప్పున మూడు భాగాలు చేశాడు. హెబ్రీలో అక్షరాలకు అంకెల విలువ ఉంటుంది. దావీదు పేరులోని మూడక్షరాలు 4, 6, 4, కలిపితే 14. యేసు దావీదు వారసుడని చూపించడమే ఆయన ఉద్దేశం, నాన్న కాగితంలాగే ఆ పనికి కావలసిన పేర్లే రాశాడు. పైగా హెబ్రీలో 'కుమారుడు', 'కుమార్తె' అంటే సొంత బిడ్డే కానక్కర్లేదు, వంశంలో పుట్టినవాళ్ళు ఎవరైనా కావచ్చు. రెండవ రాజులు 8వ అధ్యాయం చూడండి: 18వ వచనంలో యెహోరాము భార్య అహాబు కుమార్తె, 26లో ఆమే, పేరు అతల్యా, ఒమ్రీ కుమార్తె. ఒమ్రీ అహాబు తండ్రి.

తెలుగులో చదివేవాళ్ళకు ఇంకో చిక్కుంది, నాకు దీన్ని ఎవరూ చెప్పలేదు. మన బైబిల్లో 'గోత్రము' అన్న మాట. గోత్రం అనగానే మనకు సగోత్రంలో పెళ్ళి కూడదన్నది గుర్తొస్తుంది. ఇశ్రాయేలులో గోత్రం అంటే యాకోబు కొడుకు పేరున నడిచే జనం, వాళ్ళకు చీట్లు వేసి పంచిన భూమి. కొడుకులు లేని సెలోపెహాదుకు అయిదుగురు కూతుళ్ళు. మోషే ముందు నిలబడి తండ్రి స్వాస్థ్యం, అంటే వారసత్వ భూమి, అడిగి తీసుకున్నారు. భూమి వేరే గోత్రానికి పోకూడదని, తమ గోత్రంలోనే పెళ్ళి చేసుకోవాలని మోషే వాళ్ళకు చెప్పాడు. వాళ్ళు చేసుకున్నది తండ్రి అన్నదమ్ముల కొడుకుల్ని! మనకు వాళ్ళు అన్నలు, తమ్ముళ్ళు. ఇస్సాకు చేసుకున్న రిబ్కా, తండ్రి అబ్రాహాము తోబుట్టువు నాహోరు కొడుకు బెతూయేలు కూతురు. మన లెక్కన కూతురు వరస. యాకోబు మాత్రం మేనమామ లాబాను కూతుళ్ళను చేసుకున్నాడు కాబట్టి మా అమ్మమ్మకు ఆ పెళ్ళి కథ ఎప్పుడూ వింతగా అనిపించలేదు. మన వరసలు పక్కనపెట్టి చదివితేనే ఈ వంశాలు తెలుస్తాయి.

మీరు చార్ట్ గీస్తే యాకోబు పన్నెండుమంది కొడుకుల తల్లుల పేర్లతో మొదలుపెట్టండి: లేయాకు ఆరుగురు కొడుకులు, రాహేలుకు ఇద్దరు, బిల్హాకు ఇద్దరు, జిల్పాకు ఇద్దరు. తర్వాత లేవీకి భూభాగం లేదు, యోసేపు స్థానంలో ఎఫ్రాయిము, మనష్షే వచ్చారు; పన్నెండు లెక్క అలా నిలబడింది. ఆపైన రూతు చివరి వచనాలు, పెరెసు నుంచి దావీదు దాకా పది పేర్లే, చదివి అప్పుడు మత్తయికి రండి. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య అక్కడ ఎందుకున్నారో అప్పుడు ఆగి చూస్తారు.

పేర్లంటే విసుగొస్తే ఎజ్రా 2వ అధ్యాయం చదవండి. బబులోను నుంచి తిరిగొచ్చిన కొందరు యాజకులు తమ వంశావళి వెతికారు, దొరకలేదు. వాళ్ళను యాజకత్వం నుంచి పక్కన పెట్టారు, అతిపరిశుద్ధమైనవి తినకూడదన్నారు. ఆ రెండు మూడు వచనాలు చదివాక దినవృత్తాంతములు మొదటి తొమ్మిది అధ్యాయాలను నేను మళ్ళీ ఎప్పుడూ దాటవేయలేదు.