దివ్యాంగుల కోసం స్మార్ట్ భవనాలు: డిప్లొమా తర్వాత ఏ దారి?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయి డిప్లొమా ఈసీఈ ఆఖరి సంవత్సరం. వీల్‌చెయిర్‌లో ఉండే మా మరిది కోసం లైట్లు, ఫ్యాను ఫోన్‌తో పనిచేసేలా అమర్చాడు. ఇదే రంగంలోకి వెళ్తానంటున్నాడు. చుట్టాలేమో సాఫ్ట్‌వేర్ అంటున్నారు. ఇందులో ఉద్యోగాలుంటాయా?

జవాబు: ఉంటాయమ్మా. కానీ ‘దివ్యాంగుల స్మార్ట్ భవనాలు’ అన్న పేరుతో ప్రకటనలు వెతికితే పెద్దగా దొరకవు. ఉద్యోగాలు బిల్డింగ్ ఆటోమేషన్‌లో ఉన్నాయి. ఆసుపత్రులు, ఎయిర్‌పోర్టులు, పెద్ద ఆఫీసుల్లో ఏసీ, లైట్లు, తలుపుల్లాంటివి ఒకచోటి నుంచి నడిపే ఏర్పాటును బీఎంఎస్ (బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) అంటారు. మొదట్లో చెన్నై, బెంగళూరు సైట్లలో తిరగాల్సి రావచ్చు. చిత్తూరు నుంచి రెండూ దగ్గరే, టెన్షన్ పడకండి. ఇందులోనూ ప్రోగ్రామింగ్ ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దారి మూసుకుపోదు.

ఈసెట్ రాయించండి, నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. భవనంలోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతులైన బ్యాక్‌నెట్, మోడ్‌బస్, కేఎన్‌ఎక్స్ గురించి ఇప్పటినుంచే చదవమనండి.

మీవాడు అందరికంటే ముందుండేది మాత్రం దివ్యాంగుల అవసరాలు తెలిసినప్పుడే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం, దివ్యాంగులు వాడుకోగలిగేలా పెట్టిన ప్రమాణాలు పాటించని భవనానికి ప్లాన్ అనుమతి ఇవ్వకూడదు, పూర్తయినట్టు సర్టిఫికెట్టూ ఇవ్వకూడదు. తప్పనిసరి ప్రమాణాలను విడిగా రూపొందించాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అయినా నన్ను బాధపెట్టేదొకటుంది. స్మార్ట్ పేరుతో లిఫ్టు బటన్లు తీసేసి నున్నటి టచ్ ప్యానెల్ పెడుతున్నారు. చూపు లేనివారు దాన్నెలా వాడాలి? తడిమితే తెలిసే అంకెలు, బ్రెయిలీ, అంతస్తు చెప్పే గొంతు ఉండాలి. ఫైర్ అలారం మోగితే వినపడనివారికి మెరిసే లైటు, నిద్రలో ఉన్నవారికి దిండు కింద అదిరే పరికరం కావాలి. కరెంటు పోయినా ఆటోమేటిక్ తలుపు చేత్తో తెరుచుకోవాలి. ర్యాంపే లేకపోతే లోపల ఎన్ని సెన్సర్లున్నా మీ మరిదిగారు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. ఆ ర్యాంపు కూడా ఒక అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవుండాలి.

ఇంట్లో అమర్చినదాన్నీ ఇలాగే పరీక్షించమనండి. నెట్ పోతే బాబాయి ఫ్యాను వేసుకోగలరా? ఫోన్ చేతికందకపోతే గోడమీది స్విచ్ అందుతుందా? ఆయన్నే అడిగి, మార్చి, ఏది ఎందుకు మార్చాడో రాసిపెట్టుకుంటే అదే మంచి ప్రాజెక్టు రిపోర్టు.

తిరుపతిలో దివ్యాంగులకు చికిత్స చేసే బర్డ్ ఆసుపత్రి ఉంది, టీటీడీ నడుపుతోంది. కాలేజీ లెటరు తీసుకుని వెళ్లి, అనుమతి అడిగి, థెరపీ చేసేవాళ్లతో ఒక పూట మాట్లాడమనండి. కొత్త పరికరం కొనడం ఆ తర్వాతే.